మామిడి టెంక కార్బన్: బీఈటీ 2,400 వచ్చినా ఉత్ప్రేరకంగా ఎందుకు తేలిపోతోంది?

టెంకకార్బన్ (తిరుపతి) అడిగినది:

అందరికీ నమస్కారం. తిరుపతిలో పీహెచ్‌డీ, మూడో ఏడు. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల్లో మిగిలే తోతాపురి టెంకలతో పోరస్ కార్బన్ చేసి, ఘన ఆమ్ల ఉత్ప్రేరకంగా వాడాలన్నది నా టాపిక్.

పద్ధతి: టెంక పొడిని నైట్రోజన్‌లో 500 డిగ్రీల దగ్గర 2 గంటలు కార్బనైజ్ చేస్తాం. వచ్చిన బొగ్గుకు మూడింతల బరువు కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) పెల్లెట్లు నూరి కలిపి, అల్యూమినా బోట్‌లో (పడవలాంటి చిన్న గిన్నె) పెట్టి, నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 800 దాకా తీసుకెళ్లి గంట ఉంచుతాం. నైట్రోజన్ నిమిషానికి 100 మి.లీ. ట్యూబ్ క్వార్ట్జ్, లోపలి వ్యాసం 50 మి.మీ., పొడవు మీటరు. ఆ తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో 150 డిగ్రీల దగ్గర సల్ఫోనేషన్ (కార్బన్‌కు సల్ఫోనిక్ ఆమ్ల గుంపులు అతికించడం). టెస్ట్ రియాక్షన్ ఓలియిక్ ఆసిడ్ ఎస్టరిఫికేషన్, మెథనాల్‌తో, 65 డిగ్రీల దగ్గర.

ఇబ్బందులు ఇవి. ఒకే రెసిపీకి ఒక బ్యాచ్ బీఈటీ (నైట్రోజన్ శోషణతో కొలిచే ఉపరితల వైశాల్యం) గ్రాముకు 2,400 చదరపు మీటర్లు చూపిస్తే ఇంకోటి 1,500 చూపిస్తోంది. బోట్ పాడవుతోంది, ట్యూబ్ తెల్లబారి పొరలుగా లేస్తోంది. మొదటి రన్‌లో 95 శాతం కన్వర్షన్ వస్తే నాలుగోసారికి సగానికి పడిపోతోంది. అన్నిటికన్నా వింత ఏమంటే, రంధ్రాలే లేని గ్లూకోజ్ బొగ్గును సల్ఫోనేట్ చేసి పెడితే అది కూడా ఇంతే పనిచేస్తోంది. మరి ఈ 2,400 ఎందుకు?

ఇంకోటి: దీన్ని వదిలేసి నైట్రోజన్ డోపింగ్ (కార్బన్‌లోకి నైట్రోజన్ పరమాణువులు చొప్పించడం), "మెటల్-ఫ్రీ" (లోహం లేని) కాటలిసిస్ వైపు పోదామని ఆలోచన. ముందు ముందు కెరీర్‌కు ఏది మంచిదో కూడా చెప్పండి.

---

కొలిమి:

తమ్ముడూ, ఫర్నేస్ సంగతి నేను చెబుతా, మిగతాది వేరేవాళ్లు చూసుకుంటారు.

బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడాకు మొదటి అనుమానం కేఓహెచ్ డబ్బా మీదే. లేబుల్ చూడు, మామూలు పెల్లెట్లు 85 శాతం అని ఉంటాయి, మిగతాది ఎక్కువగా నీళ్లే. నువ్వు 3 గ్రాములు తూచానంటే అందులో అసలు కేఓహెచ్ 2.55 గ్రాములు. డబ్బా నాలుగుసార్లు తెరిచి మూస్తే తేమ ఇంకా లాగుతుంది, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ పట్టి పైపొర కార్బనేట్ అయిపోతుంది. మనకు కార్తీక మాసం వానల్లో అయితే తూచేలోపే పెల్లెట్లు చెమటలు పడతాయి. కాబట్టి ప్రతి కొత్త డబ్బాకూ, నెల దాటిన పాత డబ్బాకూ ఒకసారి ప్రామాణిక ఆసిడ్‌తో టైట్రేట్ చేసి, అసలు కేఓహెచ్ బరువు మీద నిష్పత్తి లెక్కేయి. పేపర్లో కూడా అదే రాయి.

రెండోది టెంక. పైచిప్ప వేరు, లోపలి జీడి వేరు. జీడిలో పిండిపదార్థం, కొవ్వు ఎక్కువ. దాని బొగ్గు చిప్ప బొగ్గులా ఉండదు. జీడి తీసేసి, చిప్పను 105 డిగ్రీల దగ్గర బరువు మారనంతవరకు ఆరబెట్టి, పొడి చేసి, 0.5 నుంచి 1 మి.మీ. మధ్య ఉన్నదే జల్లెడ పట్టు. సీజన్ మొదట్లోనే ఏడాదికి సరిపడా టెంకలు తెచ్చి, ఒకేసారి కలిపి, మూత గట్టిగా ఉన్న డ్రమ్ములో దాచుకో. ఆషాఢంలో తెచ్చినవీ వచ్చే ఏడు తెచ్చినవీ కలిపి ఒకే నమూనా పేరు పెట్టొద్దు.

పెల్లెట్లు నూరి కలపడం కన్నా, కేఓహెచ్‌ను తక్కువ నీళ్లలో కరిగించి, బొగ్గు వేసి రాత్రంతా నాననిచ్చి, 110 డిగ్రీల దగ్గర కలుపుతూ ఆరబెడితే సమంగా పడుతుంది. ఆరిన ముద్దను వెంటనే ఫర్నేస్‌లోకి ఎక్కించు. 360 డిగ్రీల ప్రాంతంలో కేఓహెచ్ కరిగి, నీరు పోతూ నురగ పొంగుతుంది. బోట్‌లో మూడో వంతుకు మించి నింపకు, 400 దగ్గర అరగంట ఆపి తర్వాత పైకి వెళ్లు. నేరుగా 800కు పోతే పాలు పొంగినట్టు పొంగి ట్యూబ్ గోడకు అంటుకుంటుంది. ట్యూబ్ తెల్లబారడానికి సగం కారణం అదే.

మిగతా సగం పొటాషియం. ఇక్కడ జరిగేది ఇది: కేఓహెచ్ కార్బన్‌తో కలిసి పొటాషియం కార్బనేట్, హైడ్రోజన్, లోహ పొటాషియం ఇస్తుంది. 700 దాటాక ఆ కార్బనేట్‌ను కూడా కార్బన్ క్షయకరణం చేసి ఇంకా పొటాషియం పుట్టిస్తుంది. పొటాషియం 760 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆవిరై కార్బన్ పొరల మధ్య దూరి వాటిని విడదీస్తుంది, నీకు సూక్ష్మరంధ్రాలు వచ్చేది అలాగే. అదే ఆవిరి క్వార్ట్జ్‌ను సిలికేట్‌గా, అల్యూమినాను అల్యూమినేట్‌గా మార్చేస్తుంది. నికెల్ బోట్ వాడు, క్వార్ట్జ్ లోపల పలుచటి నికెల్ లేదా ఇన్‌కోనెల్ (నికెల్ మిశ్రలోహం) గొట్టం తొడుగు పెట్టు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. ట్యూబ్ చల్లటి చివర బూడిదరంగు అద్దంలా పూత కనిపిస్తే అది లోహ పొటాషియం. నీళ్లతో కడగకు. పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా నైట్రోజన్ ఆపకు. తర్వాత నైట్రోజన్ పారుతుండగానే ఐసోప్రొపనాల్ కొంచెం కొంచెంగా వేసి, బుడగలు ఆగాక నీళ్లకు వెళ్లు. బయటి బబ్లర్‌లో (వాయువు బుడగలుగా బయటికి పోయే సీసా) నీళ్లు పెట్టే అలవాటు ఉంటే మానుకో. కరెంటు పోయి ఫర్నేస్ చల్లబడితే ట్యూబ్‌లో ఒత్తిడి తగ్గి బబ్లర్ నీళ్లు లోపలికి లాక్కుంటుంది. పొటాషియం ఉన్న ట్యూబ్‌లోకి నీళ్లు వెళితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మధ్యలో ఒక ఖాళీ ట్రాప్, తర్వాత మినరల్ ఆయిల్ బబ్లర్.

నైట్రోజన్ లెక్క కూడా చూసుకో. నీ ట్యూబ్ ఘనపరిమాణం దాదాపు 2 లీటర్లు. నిమిషానికి 100 మి.లీ. అంటే ఒక్కసారి నిండడానికే 20 నిమిషాలు. కనీసం ఐదు సార్లు మారాలి. వేడి చేయకముందే 500 మి.లీ. వేగంతో 20 నిమిషాలు పంపి, తర్వాత 100కు తగ్గించు. లోపల ఆక్సిజన్ మిగిలితే కార్బన్ ఊరికే కాలిపోతుంది, దిగుబడి ఒక్కో బ్యాచ్‌కు ఒక్కోలా వస్తుంది.

కడగడం: ముందు నీళ్లు, తర్వాత 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్, ఆపై వేడినీళ్లు. పీహెచ్ 7 వచ్చిందని ఆపొద్దు. వడపోత నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మారనంతవరకు కడగాలి. రంధ్రాల్లో ఉప్పు మిగిలితే ఆ బరువంతా నీ బీఈటీని తగ్గిస్తుంది. 2,400 ఒకసారి, 1,500 ఒకసారి రావడానికి ఇది కూడా గట్టి కారణమే.

---

రంధ్రాన్వేషి:

పైన చెప్పినవన్నీ సరే. కానీ ఆ 2,400 నిజంగా 2,400 అని ముందు తేలాలి.

మీరు నమూనాను బయటి ల్యాబ్‌కు పంపిస్తున్నారనుకుంటాను. వాళ్లు పంపే ఒక్క అంకె కాదు, మొత్తం ఐసోథర్మ్ డేటా (ఏ పీడనం దగ్గర ఎంత నైట్రోజన్ పట్టిందో చూపే గీత) అడిగి తీసుకోండి. చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్యూబ్‌లో ఎంత బరువు పెట్టారు? ఇలాంటి తేలిక కార్బన్‌కు 50 నుంచి 100 మి.గ్రా. ఉండాలి. 20 మి.గ్రా. పెట్టి, తూకంలో 1 మి.గ్రా. తప్పు పోతే అక్కడికక్కడే 5 శాతం తేడా. డీగ్యాస్ చేసిన (వేడిచేసి తేమ, వాయువులు తీసేసిన) తర్వాతి బరువే లెక్కకు తీసుకోవాలి, ముందుది కాదు. కార్బన్ తేమ బాగా పట్టి ఉంటుంది. డీగ్యాస్ 250 డిగ్రీల దగ్గర రాత్రంతా. అయితే సల్ఫోనేట్ చేసిన నమూనాకు ఆ వేడి పెట్టకూడదు, 200 దాటితే సల్ఫోనిక్ గుంపులు విడిపోవడం మొదలవుతుంది. దానికి 120 చాలు, ఎక్కువసేపు ఉంచండి. ఈ తేడాను ఫారంలో రాసి పంపకపోతే ల్యాబ్‌వాళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు.

తర్వాత బీఈటీ గీత. సాఫ్ట్‌వేర్ దానంతటది 0.05 నుంచి 0.30 సాపేక్ష పీడనం తీసుకుంటుంది. సూక్ష్మరంధ్రాల కార్బన్‌కు అది చెల్లదు. రుకెరోల్ షరతులు పాటించండి: సాపేక్ష పీడనాన్ని 1 నుంచి తీసేసి, దాన్ని శోషణతో గుణించిన విలువ పెరుగుతున్నంతవరకే తీసుకోవాలి, సీ విలువ (బీఈటీ సమీకరణంలోని స్థిరాంకం) ధనాత్మకంగా ఉండాలి. ఇలాంటి కార్బన్లకు సాధారణంగా 0.1 లోపే ఆగిపోవాల్సి వస్తుంది. ఐయూపీఏసీ (అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘం) 2015 నివేదిక కూడా ఇదే చెబుతుంది. గ్రాఫీన్ పొర రెండు వైపులా కలిపి లెక్కేసినా గ్రాముకు 2,630 చదరపు మీటర్లే. 3,000 పైన వచ్చిందని ఎవరైనా సంబరపడుతుంటే, రంధ్రాలు నిండిన నైట్రోజన్‌ను కూడా ఉపరితలం కింద లెక్కగట్టారేమో ఒకసారి చూడాలి.

ఇంకొక ఉచ్చు. బీజేహెచ్ (రంధ్రాల పరిమాణం లెక్కగట్టే పద్ధతి) డిసార్ప్షన్ గీతలో, అంటే నైట్రోజన్ బయటికి వచ్చే వైపు, 3.8 నానోమీటర్ల దగ్గర సూదిలాంటి శిఖరం వస్తుంది. "మీసోపోర్స్ (2–50 నానోమీటర్ల రంధ్రాలు) ఉన్నాయి" అని దాన్ని థీసిస్‌లో పెట్టేస్తారు. 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ ద్రవం 0.42 సాపేక్ష పీడనం ప్రాంతంలో నిలవలేక ఒక్కసారిగా బయటికి రావడం వల్ల పుట్టే శిఖరం అది, రంధ్రం కాదు. అడ్సార్ప్షన్ వైపు గీత చూడండి, లేదా ఎన్ఎల్‌డీఎఫ్‌టీ అనే లెక్క పద్ధతి వాడండి. 0.7 నానోమీటర్ల లోపు రంధ్రాల గురించి మాట్లాడాలంటే 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఐసోథర్మ్ తప్పనిసరి, ఒక్క నైట్రోజన్‌తో పని కాదు.

---

టెంకకార్బన్:

కొలిమి అన్నా, రంధ్రాన్వేషి సార్, చాలా థాంక్స్. మా ల్యాబ్‌లో బబ్లర్ నీళ్లదే, సోమవారమే మారుస్తాం. డేటా ఫైల్ తెప్పించాను. 0.05–0.30 వదిలేసి రుకెరోల్ ప్రకారం వేస్తే 2,400 అన్నది 2,150కి వచ్చింది. ఉత్ప్రేరకం సంగతి ఎవరైనా చెప్పండి.

---

ఆమ్లస్థానం:

గ్లూకోజ్ బొగ్గు మీ కార్బన్‌కు సమానంగా పనిచేయడంలో వింతేమీ లేదు. అలా జరగకపోతేనే ఆశ్చర్యం.

సల్ఫోనిక్ గుంపు అతుక్కునేది చిన్నచిన్న ఆరోమాటిక్ పలకల అంచుల్లో, కార్బన్-హైడ్రోజన్ బంధం ఉన్నచోట. 400 డిగ్రీల దగ్గర అరకొరగా కాలిన గ్లూకోజ్ బొగ్గులో ఆ అంచులు పుష్కలం. 2005లో నేచర్ పత్రికలో జపాన్ బృందం చూపించిన చక్కెర ఉత్ప్రేరకం ఇదే, దానికి ఉపరితల వైశాల్యం నామమాత్రం. మీరు 800 దాకా తీసుకెళ్లేసరికి హైడ్రోజన్ అంతా పోయి, పలకలు పెరిగి గట్టిపడతాయి. ఇక ఆసిడ్ పోసినా అతుక్కోవడానికి చోటు తక్కువ. అంటే మీరు వైశాల్యం కోసం ఆమ్లస్థానాలను అమ్ముకున్నారు.

రెండోది పరిమాణం. ఓలియిక్ ఆసిడ్ అణువు పొడవు దాదాపు 2 నానోమీటర్లు. మీ రంధ్రాల్లో ఎక్కువభాగం 2 లోపు. లోపలికి దూరడమే కష్టం, దూరినా ఎస్టర్ అయి బయటికి రావడం మరీ కష్టం. అంత వైశాల్యమూ ఆ అణువుకు లేనట్టే లెక్క.

కాబట్టి ముందు ఆమ్లస్థానాలు లెక్కపెట్టండి. 0.1 గ్రా. ఉత్ప్రేరకం, 20 మి.లీ. 2 మోలార్ సోడియం క్లోరైడ్, 24 గంటలు కలిపి వడకట్టి, వడపోత నీటిని 0.01 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేయండి. 10 మి.లీ. పడితే గ్రాముకు 1 మిల్లీమోల్. దీనితో ప్రధానంగా సల్ఫోనిక్ ప్రోటాన్లు తెలుస్తాయి. కార్బాక్సిలిక్, ఫినాలిక్ గుంపులకు బోమ్ టైట్రేషన్ విడిగా చేయాలి. మూలక విశ్లేషణలో వచ్చే సల్ఫర్‌తో సరిపోల్చండి. సల్ఫర్ ఎక్కువ, ప్రోటాన్లు తక్కువ అయితే సల్ఫేట్ లవణం లేదా ఆమ్లం కాని సల్ఫర్ ఉందన్నమాట. సల్ఫోనేషన్ తర్వాత రంధ్రాల్లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ మిగలకుండా 80 డిగ్రీలు దాటిన నీళ్లతో, బేరియం క్లోరైడ్‌కు తెల్లటి అవక్షేపం రానంతవరకు కడగాలి. మీ మొదటి రన్ 95లో ఎంత భాగం ఆ మిగిలిపోయిన ఆసిడ్ చేసిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

పడిపోవడానికి కారణాలు మూడు కలిసి ఉంటాయి. సల్ఫోనేట్ అయిన చిన్న ఆరోమాటిక్ ముక్కలు మెథనాల్‌లోకి కరిగిపోవడం ఒకటి. సల్ఫోనిక్ గుంపు మెథనాల్‌తోనే కలిసి మిథైల్ సల్ఫోనేట్ ఎస్టర్‌గా మారి ఆమ్లత్వం పోగొట్టుకోవడం ఇంకొకటి. రంధ్రాలు నూనెతో మూసుకుపోవడం మూడోది. విడదీసే దారి ఉంది. వాడిన ఉత్ప్రేరకాన్ని హెక్సేన్‌తో బాగా కడిగితే కోలుకుందా, మూసుకుపోవడమే. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో నానబెట్టి మళ్లీ శుభ్రంగా కడిగితే కోలుకుందా, ఎస్టర్ అయిన గుంపులు తిరిగి విడిపోయాయి. ఏదీ పనిచేయకపోతే సల్ఫర్ కొలవండి, తగ్గితే కరిగిపోయింది. వీటితోపాటు వేడి వడపోత పరీక్ష: కన్వర్షన్ 30 శాతం దగ్గర ఉండగా, చల్లారనీయకుండా వడకట్టి, ద్రవాన్ని మాత్రమే మళ్లీ 65 దగ్గర నడపండి. ఖాళీ రన్ (ఉత్ప్రేరకం లేనిది) కన్నా వేగంగా కన్వర్షన్ పెరుగుతుంటే పని చేస్తున్నది ద్రవంలో ఉన్న ఆసిడ్. ఖాళీ రన్ మరిచిపోవద్దు, ఓలియిక్ ఆసిడ్ తానే ఆసిడ్ కదా.

పునర్వినియోగం బొమ్మను 95 శాతం దగ్గర గీయొద్దు. సమతాస్థితి దగ్గర ఉన్నప్పుడు సగం ఉత్ప్రేరకం చచ్చినా కన్వర్షన్ పెద్దగా తగ్గదు, కాబట్టి మీ నాలుగో రన్ సగానికి పడిందంటే లోపల నష్టం ఇంకా ఎక్కువే. 10 మిల్లీమోల్ ఓలియిక్ ఆసిడ్ అంటే 2.82 గ్రా., 100 మిల్లీమోల్ మెథనాల్ అంటే 3.2 గ్రా. ఈ పాళ్లలో ఉత్ప్రేరకం తగ్గించి, 30–40 శాతం దగ్గర ఆపి, తొలి వేగాలు పోల్చండి. కలిపే వేగం 400 నుంచి 800 ఆర్‌పీఎంకు మార్చినా, రేణువులను సగానికి నూరినా వేగం మారకూడదు. నూరితే పెరిగిందంటే లోపలి వ్యాపనం అడ్డుపడుతోంది.

మార్చాలనుకుంటే రెండు దారులు. టెంకనే వదలకూడదంటే కేఓహెచ్ బదులు ఫాస్ఫారిక్ ఆసిడ్, 450–500 డిగ్రీలు. మీసోపోర్స్ వస్తాయి, అంచులు మిగులుతాయి, ట్యూబ్ కూడా బతుకుతుంది. మూలకారణాన్ని శుభ్రంగా నిరూపించాలంటే ఎస్‌బీఏ-15 (క్రమమైన రంధ్రాలున్న సిలికా) అచ్చులో సీఎంకే-3 అనే కార్బన్ చేయండి. కొరియాలో ర్యోంగ్ ర్యూ బృందం 2000లో ఇచ్చిన కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి: 1 గ్రా. సిలికాకు 1.25 గ్రా. చక్కెర, 0.14 గ్రా. సల్ఫ్యూరిక్ ఆసిడ్, 5 గ్రా. నీళ్లు. 100 దగ్గర 6 గంటలు, 160 దగ్గర 6 గంటలు. మళ్లీ 0.8 గ్రా. చక్కెర, 0.09 గ్రా. ఆసిడ్, 5 గ్రా. నీళ్లతో రెండో విడత. వాళ్లు 900 దగ్గర కార్బనైజ్ చేశారు. సల్ఫోనేషన్ కోసమైతే మీరు 400–500 దగ్గరే ఆగాలి. సిలికా తీయడానికి హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్) జోలికి పోకండి. నీళ్లు, ఎథనాల్ సమపాళ్లలో 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వేడిగా రెండుసార్లు చాలు.

---

నల్లపొడి (చిత్తూరు):

కెరీర్ గురించి అడిగారు కదా, "మెటల్-ఫ్రీ" మాట దగ్గర మొదలుపెడతా. టెంకను ఇనుప బ్లేడు మిల్లులో పొడి చేసి, నికెల్ బోట్‌లో కాల్చి, దానికి మెటల్-ఫ్రీ అని పేరు పెడితే రిఫరీ మొదటి ప్రశ్న ఐసీపీ-ఎంఎస్ (అతిస్వల్ప లోహాలను కొలిచే పరీక్ష) ఎక్కడ అనే. 2003లో పల్లాడియం లేకుండా సుజుకి కప్లింగ్ (మామూలుగా పల్లాడియంతో రెండు కర్బన అణువులను జోడించే చర్య) జరుగుతుందని ఒక పేపర్ వచ్చింది. 2005లో అదే బృందం తిరిగి చూసి, వాడిన సోడియం కార్బనేట్‌లోనే 50 పీపీబీ (వంద కోట్లలో 50 భాగాలు) పల్లాడియం ఉందని తేల్చింది. ఇంత జరిగినా 2021లో నేచర్ కాటలిసిస్‌లో అమీన్లతోనే సుజుకి అని వచ్చిన పేపర్‌ను అదే ఏడు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అక్కడా పల్లాడియమే. ఇక డోపింగ్ మోజు మీద 2020లో ఏసీఎస్ నానోలో గ్రాఫీన్‌కు పక్షి రెట్ట కలిపి, అది కూడా ఎలక్ట్రోకాటలిసిస్‌ను పెంచుతుందని వెటకారంగా చూపించారు. చదవండి, నవ్వుకుంటారు, తర్వాత కాస్త ఆలోచనలో పడతారు.

నా ఉద్దేశంలో మూడో ఏట టాపిక్ మార్చొద్దు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదలై రెండేళ్లు దాటితే ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్, 2023 జనవరి నుంచి నెలకు 42,000), మొత్తం ఐదేళ్లకు ఫెలోషిప్ అయిపోతుంది. కొత్త టాపిక్‌కు పరికరాలు కుదిరేసరికి ఏడాది పోతుంది. పైన ఆమ్లస్థానం గారు చెప్పిన పోలికే మంచి థీసిస్ అధ్యాయం: ఒకే టెంక, మూడు రకాల యాక్టివేషన్, ఆమ్లస్థానానికి ఎంత వేగం. అణువు పరిమాణం మారుస్తూ అసిటిక్, ఆక్టనోయిక్, ఓలియిక్ ఆసిడ్లు మూడూ నడిపితే రంధ్రం అడ్డుపడుతోందా లేదా అన్నది గ్రాఫ్‌లోనే కనిపిస్తుంది.

హైదరాబాద్ ఐఐసీటీ, పుణే ఎన్‌సీఎల్, మద్రాస్ ఐఐటీలోని కాటలిసిస్ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల పోస్ట్‌డాక్‌కో ప్రాజెక్టుకో వెళితే మీ బీఈటీ ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. జీసీని (గ్యాస్ క్రోమటోగ్రాఫ్) ఇంటర్నల్ స్టాండర్డ్‌తో కాలిబ్రేట్ చేయడం వచ్చా, కార్బన్ బ్యాలెన్స్ ఎంతకు వచ్చింది, ఆటోక్లేవ్ నడిపారా, టర్నోవర్ (ఒక్కో స్థానం ఎన్నిసార్లు పనిచేసింది) ఏ స్థానాల మీద లెక్కగట్టారు, ఇవి అడుగుతారు. ఫార్మా కంపెనీల హైడ్రోజనేషన్ విభాగాలకు పోరస్ కార్బన్ తెలిసినవాళ్లు పనికొస్తారు. అక్కడ పల్లాడియం-ఆన్-కార్బన్ రోజువారీ సరుకు. దాన్ని వాడిన తర్వాత ఫిల్టర్ మీద ఆరనిస్తే మెథనాల్ ఆవిరితో కలిసి అంటుకుంటుందని, నీళ్లతో తడిపి నైట్రోజన్ కింద ఉంచాలని తెలియనివాణ్ని ప్లాంట్‌లోకి రానివ్వరు. టెంక కార్బన్ మీద 5 శాతం పల్లాడియం ఎక్కించి, నైట్రోబెంజీన్ హైడ్రోజనేషన్‌లో బజారు ఉత్ప్రేరకంతో పోల్చిన ఒక్క అధ్యాయం ఉంటే ఆ తలుపు కూడా తెరుచుకుంటుంది.

పరికరం లేదని ఆగకండి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. చెన్నై మనకు మూడు నాలుగు గంటల దూరం, ఐఐటీ మద్రాస్ సైఫ్‌కు (విశ్లేషణ పరికరాల కేంద్రం) నమూనాలు కొరియర్ చేయడం కన్నా చేత్తో పట్టుకెళ్లి ఆపరేటర్‌తో మాట్లాడి రావడం మేలు.

---

టెంకకార్బన్:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ కృతజ్ఞతలు. టాపిక్ మార్చను. ఫాస్ఫారిక్ బ్యాచ్ ముందు మొదలుపెడతా. కొలిమి అన్నా, నికెల్ బోట్ కొనాలంటే కొటేషన్ మా కంటింజెన్సీ గ్రాంటుకు మించి ఉంది. వేరే దారి ఉందా?

---

కొలిమి:

ఫాస్ఫారిక్‌కైతే నికెల్ వద్దే వద్దు, ఆసిడ్ దాన్ని తినేస్తుంది. అక్కడ మామూలు పింగాణీ క్రూసిబుల్ చాలు. అది కూడా మెల్లగా మెరుగు పోగొట్టుకుంటుంది, ఖర్చు కింద రాసుకో. కేఓహెచ్ కోసం 99 శాతం నికెల్ రేకు, 0.5 మి.మీ. మందం, చిన్న ముక్క కొను. 120 మి.మీ. పొడవు, 70 వెడల్పు కత్తిరించి, నాలుగు వైపులా 20 మి.మీ. మడిచి, మూలలు కోయకుండా కాగితం పడవలా లోపలికి మడత పెట్టు. వెల్డింగ్ చేయించకు, వెల్డు రాడ్‌లో వేరే లోహాలుంటాయి, కేఓహెచ్ ముందు ఆ అతుకునే పట్టుకుంటుంది. వాడకముందు అసిటోన్‌తో తుడిచి, కార్బన్ లేకుండా ఒట్టి కేఓహెచ్‌తో 600 దగ్గర ఒకసారి కాల్చి కడిగెయ్. ప్రతి రన్ తర్వాత బోట్ తూచి రాసిపెట్టు. బరువు తగ్గిందంటే ఆ నికెల్ పోయింది నీ కార్బన్‌లోకే, ఆ బ్యాచ్‌ను హైడ్రోజనేషన్‌కు వాడకు.